పసిపిల్లల వర్గీకరణ శిక్షణలో కంప్యూటర్

కళ్లెదుట ఉన్నవాటిలో ఏవి ఒక జాతివి, ఏవి కావు అని తేల్చుకోవడం మనిషి మనసు చేసే తొలి పనుల్లో ఒకటి. దీన్నే వర్గీకరణ అంటారు. ఇది మాట రాకముందే మొదలవుతుంది. పాల్ క్విన్, పీటర్ ఐమస్ అనే అమెరికన్ పరిశోధకులు తమ సహచరులతో కలిసి 1993లో ప్రచురించిన ప్రయోగాల్లో, మూడు నాలుగు నెలల శిశువులకు రకరకాల పిల్లుల బొమ్మలు వరసగా చూపించారు. ఆ తర్వాత ఒక కొత్త పిల్లి బొమ్మను, ఒక కుక్క బొమ్మను పక్కపక్కన పెట్టారు. శిశువులు కుక్క వైపే ఎక్కువసేపు చూశారు. ఆ కొత్త పిల్లి కూడా వాళ్లు అంతకుముందు చూడనిదే. అయినా అది అప్పటికే తెలిసిన జాతిలో కలిసిపోయింది. కుక్క మాత్రం కలవలేదు.

పుట్టిన కొద్ది నెలలకే ఇంత సత్తా ఉంటే ఇక నేర్పడానికి ఏం మిగిలింది? చాలా మిగిలింది. తేడా కంటికి ఆనడం ఒక మెట్టు. ఆ తేడాను ఒక నియమంగా పట్టుకుని, దాని ప్రకారం చివరిదాకా ఏరడం ఇంకో మెట్టు. ఎందుకు ఇలా పెట్టావని అడిగితే మాటల్లో చెప్పగలగడం, నియమం మార్చమంటే మార్చగలగడం, చిన్న గుంపు పెద్ద గుంపులో భాగమని గ్రహించడం ఆ పై మెట్లు. ఇవన్నీ సుమారుగా మూడేళ్లకూ ఎనిమిదేళ్లకూ నడుమ వస్తాయి. లెక్కలకూ, చదువుకూ, విజ్ఞానశాస్త్రానికీ పునాది పడేది ఇక్కడే. సరిబేసి సంఖ్యలైనా, అచ్చులూ హల్లులైనా, వెన్నెముక ఉన్న జీవులూ లేని జీవులైనా, వేటిని నేర్వాలన్నా ముందు వర్గం అనే ఊహ మనసులో స్థిరపడాలి. కంప్యూటర్ పాఠాలు సాయపడవలసింది ఈ వయసులో, ఈ మెట్ల మీద.

పిల్లలు ఈ మెట్లు ఎక్కే తీరును లోతుగా పరిశీలించినవారిలో ముఖ్యులు జెనీవాలో పనిచేసిన జాన్ పియాజే, బార్బెల్ ఇన్‌హెల్డర్. వీళ్లు 1959లో ఫ్రెంచిలో వెలువరించిన గ్రంథం ఇప్పటికీ ఈ రంగంలో మొదట చదవవలసిన పుస్తకం. రంగురంగుల చెక్కబిళ్లలు ఇచ్చి, ఒకలాంటివి ఒకచోట పెట్టమంటే, బాగా చిన్నపిల్లలు గుంపులు చేయరు. చతురస్రం మీద త్రిభుజం పెట్టి ఇల్లు కడతారు, బిళ్లలు వరసగా పేర్చి రైలు చేస్తారు. మొదట్లో ఒక పోలిక పట్టుకున్నా, రెండు మూడు బిళ్లలు పెట్టేసరికి ఆ పోలిక జారిపోయి మరొకటి మొదలవుతుంది. ఆ తర్వాతి దశలో ఎర్రవి ఒక కుప్ప, నీలివి ఒక కుప్పగా చక్కగా వేరుచేస్తారు. చూసినవాళ్లు వర్గీకరణ వచ్చేసిందనుకుంటారు. రాలేదని పూసల ప్రశ్న తేల్చి చెప్పింది. అన్నీ చెక్కపూసలే. వాటిలో ఎక్కువ గోధుమరంగువి, కొద్దిగా తెల్లవి. గోధుమరంగు పూసలు ఎక్కువా, చెక్కపూసలు ఎక్కువా? ఐదేళ్ల పిల్లలు సాధారణంగా గోధుమరంగువే ఎక్కువ అంటారు. అన్నీ చెక్కవేనా అని అడిగితే అవునంటారు. అయినా జవాబు మారదు. ఒకే పూస గోధుమరంగు పూసల్లోనూ చెక్కపూసల్లోనూ ఒకేసారి ఉంటుందన్న సంగతి ఏడెనిమిదేళ్లు వస్తే గాని కుదురుకోదు.

నియమం మార్చడంలో ఉన్న చిక్కును కెనడాకు చెందిన ఫిలిప్ జెలాజో కార్డుల పరీక్ష స్పష్టంగా చూపింది. రెండు పెట్టెలు. ఒకదాని మీద నీలం కుందేలు, రెండోదాని మీద ఎర్ర పడవ. పిల్లల చేతికి ఇచ్చే కార్డుల మీద ఎర్ర కుందేళ్లు, నీలం పడవలు ఉంటాయి. ముందు రంగు ఆట ఆడమంటే మూడేళ్ల పిల్లలు తప్పు లేకుండా ఆడతారు. ఇప్పుడు బొమ్మల ఆట, కుందేళ్లు కుందేలు పెట్టెలోకి, పడవలు పడవ పెట్టెలోకి అని చెప్పాక కూడా, ఆ వయసు వాళ్లలో ఎక్కువమంది రంగునే పట్టుకుని పెడుతూ పోతారు. విచిత్రమేమంటే, కుందేళ్లు ఎక్కడికి వెళ్లాలి అని అడిగితే వేలితో సరైన పెట్టెనే చూపిస్తారు. నియమం తెలుసు, చేయి మాత్రం పాత దారినే పోతుంది. ఐదేళ్లు వచ్చేసరికి ఎక్కువమంది ఈ మలుపు దాటేస్తారు. అందుచేత మూడేళ్ల పిల్ల రెండో ఆటలో తప్పుతుంటే అది మొండితనమూ కాదు, మందబుద్ధీ కాదు. ఆ వయసు లక్షణం. ఈ పరీక్షకు కంప్యూటర్ రూపం కూడా ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరీక్షల సంపుటిలో దాన్ని చేర్చారు.

ఇంకో సంగతి పాఠం తయారుచేసేవాళ్లు తప్పక ఎరిగి ఉండాలి. పిల్లలు గుంపు చేయడానికి పోలిక ఒక్కటే ఆధారం కాదు. ఆవును కోడితో జతచేస్తే రెండూ జంతువులని. ఆవును గడ్డితో జతచేస్తే ఆవు గడ్డి తింటుందని. 1972లో ఎల్. హెచ్. చియు ఇలాంటి బొమ్మలతోనే చైనా పిల్లలనూ అమెరికా పిల్లలనూ పోల్చి చూశారు. అమెరికా పిల్లలు జాతిని బట్టీ, చైనా పిల్లలు సంబంధాన్ని బట్టీ జతచేయడం ఎక్కువగా కనిపించింది. అంతకు చాలా ముందు, 1931, 1932లలో, సోవియట్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో పెద్దవాళ్లనే ఇలా అడిగారు. సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ. ఇందులో చేరనిది ఏది? చదువుకోని రైతులు దేన్నీ తీసేయడానికి ఒప్పుకోలేదు. దుంగ లేకపోతే రంపంతో పనేముందన్నది వాళ్ల వాదన. అది తెలివితక్కువ జవాబు కాదు, జీవితం నేర్పిన వర్గీకరణ. బడి కోరే వర్గీకరణ వేరు. పిల్లలకు రెండోది నేర్పాలి గాని మొదటిదాన్ని తప్పని కొట్టిపారేయకూడదు. ఆవును గడ్డి దగ్గరికి లాగిన పిల్లకు తెర మీద ఎర్ర గుర్తు వేసి గీమని మోగించే పాఠం ఈ తేడా తెలియక తయారైన పాఠం.

కంప్యూటర్‌ను బోధనకు వాడడం 1960ల నాటిదే. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో ప్లేటో అనే వ్యవస్థ మొదలైంది. స్టాన్‌ఫర్డ్‌లో పాట్రిక్ సప్పీస్, రిచర్డ్ అట్కిన్సన్ 1966లో కాలిఫోర్నియాలోని ఈస్ట్ పాలో ఆల్టో పట్టణంలో ఒక బడిని ఎంచుకుని, ఒకటో తరగతి పిల్లలకు చదువూ లెక్కలూ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నేర్పించారు. పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్రశ్న వినేవాళ్లు, వెలుగు కలంతో తెరను తాకి జవాబు ఇచ్చేవాళ్లు. ఇదే కాలానికి బీజంపడ్డ మరో ధోరణి సీమూర్ పాపర్ట్‌ది. జెనీవాలో పియాజే దగ్గర పనిచేసి వచ్చిన పాపర్ట్, కంప్యూటర్ పిల్లలను నడపడం కాదు, పిల్లలే కంప్యూటర్‌ను నడపాలన్నారు. 1967లో మొదలైన లోగో భాష ఆ ఆలోచనకు ఫలం. యంత్రం అడిగితే పిల్లలు చెప్పే పాఠాలు, పిల్లలు చెబితే యంత్రం చేసే పాఠాలు అన్న ఈ రెండు తీరులూ నేటి ట్యాబ్ యాప్‌లలో కూడా పక్కపక్కనే కనిపిస్తాయి.

వర్గీకరణనే గురిగా పెట్టుకున్న మొదటి మంచి ప్రోగ్రాముల్లో 1982లో ద లెర్నింగ్ కంపెనీ తెచ్చిన గెర్‌ట్రూడ్స్ సీక్రెట్స్ ఒకటి. రంగు, ఆకారాలను బట్టి ముక్కలను గళ్లలో, వలయాల్లో సర్దడం అందులో పని. కొన్ని ఆటల్లో నియమం ముందే చెప్పరు. ముక్క పెట్టి చూసి, నిలిచిందో పడిపోయిందో గమనించి, నియమాన్ని పిల్లలే కనిపెట్టాలి. 1994లో ఎడ్‌మార్క్ సంస్థ తెచ్చిన సామీస్ సైన్స్ హౌస్‌లో మొక్కలనూ జంతువులనూ ఏరి పెట్టే విభాగం ఉంది. 1996 నాటి జూంబినీల ఆట ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు ఉద్దేశించింది. జుట్టు, కళ్లు, ముక్కు, కాళ్లు అనే నాలుగు లక్షణాలకు ఒక్కోదానికి 5 రకాలు, అంటే 625 రకాల బొమ్మజీవులు. ఏ వంతెన మీదికి ఎవరిని పోనిస్తారో కనిపెట్టడం అందులోని పనుల్లో ఒకటి. బాలవిద్యలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది డగ్లస్ క్లెమెంట్స్, జూలీ సరామా రూపొందించిన బిల్డింగ్ బ్లాక్స్. నాలుగేళ్ల పిల్లల గణితం కోసం తయారైన ఈ పాఠ్యక్రమంలో కంప్యూటర్ పని ఒక భాగం మాత్రమే. మిగతాది చేతిపని, గుంపు ఆటలు, టీచర్‌తో సంభాషణ. ఆ పాఠ్యక్రమం ఇచ్చిన మంచి ఫలితాలు ఒక్క కంప్యూటర్‌వి కావు, ఈ పొత్తువి.

ఇక అసలు ప్రశ్న. గవ్వలు, చింతపిక్కలు, పూసలు ఉండగా కంప్యూటర్ ఎందుకు? బల్ల మీద ఒక పూస ఒక సమయంలో ఒక కుప్పలోనే ఉండగలదు. రంగును బట్టి ఏరిన పూసలను ఆకారాన్ని బట్టి మళ్లీ ఏరాలంటే మొదటి కుప్పలు చెడగొట్టాలి. చెడగొట్టాక, ఇంతకుముందు ఎలా ఉన్నాయో పిల్లలకు గుర్తుండదు. తెర మీద ఈ ఇబ్బంది లేదు. ఒక మీట తాకితే అవే ముక్కలు రంగు కుప్పల నుంచి ఆకారపు కుప్పల్లోకి కదిలిపోతాయి, ఇంకో మీటతో తిరిగి వస్తాయి. ముక్కలు అవే, గుంపులు వేరు అన్న సంగతి కళ్ల ముందే జరుగుతుంది. జెలాజో కార్డుల దగ్గర మూడేళ్ల పిల్లలు తడబడేది సరిగ్గా ఈ చోటనే. పూసల ప్రశ్న కూడా అంతే. తెర మీద పది పువ్వులు. అందులో ఏడు బంతులు, మూడు మల్లెలు. బంతిపువ్వులు అని తాకితే ఏడే వెలుగుతాయి. పువ్వులు అని తాకితే ఆ ఏడుతో పాటు మల్లెలు కూడా వెలుగుతాయి. చిన్న వలయం చుట్టూ పెద్ద వలయం గీసుకుంటుంది. చేతిలో ఉన్న పువ్వులతో ఇది చూపించడం కష్టం, ఎందుకంటే వేరుచేసిన మరుక్షణం మొత్తం మాయమవుతుంది. పోలికలో రెండో భాగాన్ని, అంటే మొత్తాన్ని, భాగంతో పాటే నిలిపి ఉంచడం తెరకు సాధ్యం. కంప్యూటర్ వాడకానికి దీన్ని మించిన సమర్థన లేదు.

రెండో లాభం ఉదాహరణల సంఖ్యలోనూ, వాటి ఎంపికలోనూ ఉంది. డెడ్రె జెంట్నర్, లారా నేమీ 1999లో ప్రచురించిన పరిశోధనలో, నాలుగేళ్ల పిల్లలకు సైకిల్ బొమ్మ ఒక్కటే చూపి అలాంటిది ఇంకోటి వెతకమన్నప్పుడు, వాళ్లు రెండు గుండ్రాలున్న కళ్లద్దాల లాంటి రూపసామ్యం వైపు మొగ్గారు. సైకిల్‌నూ మూడు చక్రాల సైకిల్‌నూ పక్కపక్కన చూపి అడిగితే, ఎక్కి తిరగడానికి పనికొచ్చే స్కేట్‌బోర్డును ఎంచుకోవడం పెరిగింది. రెండింటిని పోల్చి చూడడమే పైపై రూపాన్ని దాటించింది. కాబట్టి పక్షుల గురించి పాఠం కాకితో మొదలుపెట్టి, ఒక్కో బొమ్మా విడివిడిగా చూపుతూ పోవడం కన్నా, కాకినీ కొంగనూ ఒకేసారి చూపి రెండింటిలోనూ ఏముందని అడగడం మేలు. ఆ తర్వాత కోడి, నెమలి రావాలి. ఆ తర్వాత గబ్బిలం రావాలి. గబ్బిలం ఎగురుతుంది, అయినా పక్షి కాదు. కోడి అంతగా ఎగరదు, అయినా పక్షే. వర్గం సరిహద్దు తెలిసేది ఇలాంటి దగ్గరి ఉదాహరణల వల్లే. కాకి పక్కన బల్లనూ బస్సునూ పెట్టి పక్షి ఏది అని అడిగే పాఠం పిల్లలకు ఏమీ నేర్పదు, వాళ్లకు ఏదో వచ్చినట్టు మాత్రం చూపిస్తుంది. సూజన్ గెల్మన్, ఎలెన్ మార్క్‌మన్ 1986లో చూపినట్టు, నాలుగేళ్ల పిల్లలు సైతం రూపం కన్నా జాతికి విలువ ఇవ్వగలరు. గబ్బిలంలా కనిపించే నల్లపిట్టను పక్షి అని చెబితే, అది తన పిల్లలకు ఏం పెడుతుందో ఊహించడానికి వాళ్లు గబ్బిలాన్ని కాక వేరే పక్షిని ఆధారం చేసుకున్నారు. అంటే వర్గం పేరు చెప్పడం అలంకారం కాదు. పాఠంలో గొంతు స్పష్టంగా, ప్రతిసారీ, పేరు పలకాలి.

మూడో లాభం నమోదు. ఎనిమిది బొమ్మల్లో నాలుగు తప్పు పెట్టిన పిల్లకు సగం మార్కులు వేసే పాఠం అసలు సంగతి వదిలేసినట్టే. ఆ నాలుగు తప్పులూ రంగును బట్టి పెట్టినవైతే, ఆ పిల్ల తప్పు చేయలేదు, వేరే నియమం పాటించింది. తప్పులు ఎటూ కాకుండా చెదిరి ఉంటే ఇంకా నియమం పట్టుబడలేదు. మొదట బాగా చేసి చివర తప్పితే అలసట కావచ్చు. ముప్పైమంది పిల్లలున్న గదిలో టీచర్ ఈ తేడా ఒక్కొక్కరి దగ్గరా గమనించలేరు. యంత్రం ప్రతి కదలికనూ దాచి చూపగలదు. బుట్టలు రెండే ఉంటే గుడ్డిగా పెట్టినా సగం సరిగ్గా పడతాయని కూడా గుర్తుంచుకోవాలి. అందుకని మూడు నాలుగు బుట్టలు, వాటితో పాటు దేనికీ చెందనివి వేయడానికి ఒక బుట్ట ఉంటే, వచ్చిన జవాబుకు అర్థం ఉంటుంది.

ఇంత చేయగల సాధనం ఎక్కడ చెడుతుంది? ఎక్కువగా బహుమతుల దగ్గర. సరైన జవాబుకు చప్పట్లు, తప్పు జవాబుకు అంతకన్నా సరదా శబ్దం ఉంటే పిల్లలు కావాలనే తప్పు నొక్కుతారు. బుట్టకు రంగు, లోపల పడవలసిన బొమ్మకు అదే రంగు ఉంటే, జంతువులను ఏరుతున్నట్టు కనిపించే పిల్ల రంగులను జతచేస్తూ ఉండవచ్చు. ఎందుకు అలా పెట్టావని అడిగే చోటు చాలా పాఠాల్లో ఉండదు, ఆ ప్రశ్న పక్కన కూర్చున్న మనిషే అడగాలి. బాగా పసివయసులో తెర మీద నేర్చింది చేతిలోని వస్తువుకు సులువుగా బదిలీ కాదని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. మూడేళ్ల లోపు ఈ అంతరం మరీ ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండు నుంచి నాలుగేళ్ల వారికి తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట మించకూడదనీ, అంతకన్నా తక్కువైతే మంచిదనీ చెప్పింది. ఏడాది లోపు శిశువులకు అసలు వద్దంది. వర్గీకరణ పాఠానికి అంత సమయం కూడా అక్కర్లేదు. పది పదిహేను నిమిషాలు దాటితే పిల్లలు చూడడం మానేసి నొక్కడం మొదలుపెడతారు.

కంప్యూటర్ ఎక్కడ ఇమడాలో భారతదేశంలోనే జరిగిన రెండు అధ్యయనాలు చెబుతాయి. అవి వర్గీకరణ మీద కాదు, కొంచెం పెద్ద పిల్లల గణితం మీద. అయినా వాటి పాఠం ఇక్కడికీ వర్తిస్తుంది. వడోదర మునిసిపల్ బడుల్లో నాలుగో తరగతి పిల్లలు వారానికి 2 గంటలు, ఇద్దరికి ఒక కంప్యూటర్ చొప్పున గణితపు ఆటలు ఆడారు. గణితంలో వాళ్ల మార్కులు స్పష్టంగా పెరిగాయి. కార్యక్రమం ఆగిపోయిన ఏడాదికి ఆ లాభం చాలావరకు తగ్గింది. గుజరాత్‌లోనే జ్ఞాన్‌శాల బడుల్లో లీ లిండెన్ చేసిన పరిశీలన మరింత సూటిగా ఉంది. కంప్యూటర్ పాఠం మామూలు తరగతి స్థానంలో పెట్టినచోట పిల్లలు వెనకబడ్డారు. మామూలు తరగతికి అదనంగా పెట్టినచోట లాభపడ్డారు. జ్ఞాన్‌శాలలో తరగతి అప్పటికే బాగా నడుస్తోంది. బాగా నడిచే తరగతిని తీసేసి యంత్రాన్ని పెట్టడం నష్టమన్నమాట.

తెలుగు పిల్లలకు ఈ పాఠాలు తయారు కావాలంటే అనువాదం చాలదు. ఇంగ్లిష్ పాఠాల్లో ఇష్టంగా వాడే పండ్లూ కూరగాయల విభజననే తీసుకుంటే, అది తెలుగింట్లో వంటగది గడప దగ్గరే ఆగిపోతుంది. అరటికాయ కూరకు, అరటిపండు తినడానికి. మామిడికాయ పచ్చడికి, మామిడిపండు రసానికి. ఒకే చెట్టుది, పచ్చిగా ఉంటే ఒక వర్గం, పండితే మరొకటి. తెర మీద పచ్చి మామిడి బొమ్మ పెట్టి పండ్ల బుట్టలో వేయలేదని పిల్లను తప్పుపట్టడం అన్యాయం. పాఠం గొంతు లెక్కపెట్టేటప్పుడు మూడు పిల్లులు, ముగ్గురు పిల్లలు అని సరిగ్గా పలకాలి. మనుషులనూ మనుషులు కానివాటినీ వేరుచేసే వర్గీకరణ తెలుగు పిల్లలకు సంఖ్యల్లోనే వచ్చేస్తుంది, పాఠం దాన్ని చెడగొట్టకూడదు. కందులు, పెసలు, మినుములు, శనగలు పిల్లలు రోజూ చూసేవి. తొక్కతో ఉన్నవీ బద్దలు చేసినవీ, పచ్చనివీ నల్లనివీ, చిన్నవీ పెద్దవీ అని ఒకే గింజలను మూడు నాలుగు రకాలుగా ఏరవచ్చు. ఇంతకన్నా మంచి సామగ్రి ఏ పెట్టెలోనూ దొరకదు. బొమ్మలుగా కూడా ఇవే తెరకెక్కితే, చాటలో చూసినదానికీ తెర మీద చూసినదానికీ ముడి పడుతుంది.

2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. 2022లో వచ్చిన ఆ దశ పాఠ్యప్రణాళిక చట్రం ఆటలకూ చేతి వస్తువులకూ పెద్దపీట వేసింది. పోల్చడం, ఏరడం, వరసపెట్టడం అందులో ఉన్న పనులే. అంగన్‌వాడీలోనూ ఒకటో తరగతిలోనూ క్రమం ఇలా ఉండడం సబబు: ముందు గింజలూ గవ్వలూ చేత్తో ఏరాలి, ఏరుతూ ఎందుకో చెప్పాలి, ఆ తర్వాతే ఇద్దరు పిల్లలు ఒక ట్యాబ్ ముందు కూర్చుని, అవే వస్తువులను నియమం మార్చి మార్చి సర్దాలి. ఇద్దరు కూర్చుంటే వాదన పుడుతుంది, వాదనలో కారణం బయటికి వస్తుంది. టీచర్ చూడవలసింది మార్కు కాదు, పిల్ల ఏ నియమం పాటించిందన్న వివరం. ఆ వివరం చూపించని పాఠాన్ని, ఎంత అందంగా ఉన్నా, విద్యాశాఖలు కొనకూడదు. తెలుగు గొంతుతో, తెలుగిళ్లలోని వస్తువులతో, ఇంటర్నెట్ లేకపోయినా నడిచేలా ఇలాంటి పాఠాలు తయారుచేసి అంగన్‌వాడీ టీచర్లకు ఉచితంగా అందించే పని రెండు తెలుగు రాష్ట్రాల్లోని సాఫ్ట్‌వేర్ నిపుణులూ బాలవిద్య నిపుణులూ కలిసి చేపట్టాలి.